ఇంటివాళ్ల చేతిలో హతమైన స్త్రీలు: గణాంక సేకరణలో చిక్కులు

భర్త, మాజీ భర్త, ప్రియుడు, సహజీవనం చేస్తున్న వ్యక్తి, వీళ్లలో ఎవరైనా తన భాగస్వామిని చంపితే నేరశాస్త్రం దాన్ని సన్నిహిత భాగస్వామి హత్య అంటుంది. చనిపోయింది పురుషుడైనా, చంపింది స్త్రీ అయినా ఈ పేరు మారదు. స్త్రీ అయిన కారణంగా, ఆమె బతుకు మీద తమకే హక్కుందనుకునేవాళ్ల చేతిలో జరిగే హత్య ఫెమిసైడ్, అంటే స్త్రీహత్య. ఈ రెండూ చాలామేరకు కలుస్తాయి గానీ ఒకటి కావు. కట్నం కోసం అత్తమామలు చంపినా, పరువు పేరుతో కన్నతండ్రి చంపినా, ముక్కూమొహం తెలియనివాడు అత్యాచారం చేసి చంపినా అది స్త్రీహత్యే. భాగస్వామి హత్య మాత్రం కాదు. ఫెమిసైడ్ అనే మాటను ఈ అర్థంలో ప్రచారంలోకి తెచ్చిన పరిశోధకురాలు డయానా రస్సెల్. స్త్రీలపై నేరాల మీద 1976లో బ్రస్సెల్స్‌లో జరిగిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ఆమె దీన్ని వాడారు.

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం, యూఎన్ విమెన్ కలిసి వేసిన అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85,000 మంది స్త్రీలు, బాలికలు హత్యకు గురయ్యారు. వారిలో 51,100 మందిని చంపింది భాగస్వామో, కుటుంబ సభ్యుడో. అంటే రోజుకు 140 మంది. హతులైన స్త్రీలలో ఇలా సొంతవాళ్ల చేతిలో పోయినవారు 60 శాతం, పురుషుల్లో 12 శాతం.

ఈ సంఖ్యలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చెప్పినవి కావు, అంచనాలు. హత్యకు గురైన ప్రతి పదిమంది స్త్రీలలో సుమారు నలుగురి విషయంలో, అది స్త్రీ కావడం వల్ల జరిగిన హత్యో కాదో తేల్చేందుకు చాలినన్ని వివరాలు రికార్డుల్లో లేవని 2021 అంచనాలతో పాటు ఆ సంస్థలే ప్రకటించాయి. 2013లో లాన్సెట్ పత్రికలో హైడీ స్టోకల్ బృందం ప్రచురించిన పరిశీలన, హతులైన స్త్రీలలో 38 శాతానికి పైగా భాగస్వామి చేతిలోనే చనిపోతున్నారని తేల్చింది. ప్రపంచం మొత్తం గురించి చెప్పే ఆ పరిశీలనకు సమాచారం దొరికింది 66 దేశాల నుంచి మాత్రమే. మనిషి చనిపోయిన సంగతి చాలా దేశాల్లో ఏదో ఒక కాగితం మీదికి ఎక్కుతుంది. చంపినవాడు ఆమెకు ఏమవుతాడన్నది మాత్రం ఎక్కదు, ఎక్కినా పైదాకా రాదు. ఈ రంగంలోని చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

మొదటి కాగితం

తెలుగు జిల్లా పత్రికలు చదివేవారికి ఒక వార్త బాగా పరిచయం: కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య. ఒకప్పుడు దీని పక్కనే ఇంకొకటి ఉండేది: స్టవ్ పేలి గృహిణి మృతి. ఇలాంటి వార్తలన్నిటి వెనకా హత్య ఉందని చెప్పలేం. అయితే మరణకారణంగా అచ్చయిన ఆ మాట సాధారణంగా ఆ ఇంటివాళ్లు చెప్పినదే. చెప్పినవారిలో, హత్యే అయితే, హంతకుడు కూడా ఉండొచ్చు.

స్త్రీ అసహజంగా చనిపోతే పోలీసులు ముందు అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు. నిన్నమొన్నటి దాకా అది నేర విచారణ స్మృతి 174వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. పెళ్లయి ఏడేళ్లు నిండని స్త్రీ అయితే మేజిస్ట్రేటు స్థాయిలో విచారణ జరగాలి. మన మండలాల్లో తహసీల్దారు వచ్చి శవ పంచనామా చేసేది అందుకే. పంచనామాకు సాక్షులుగా ఉండే పంచాయతీదారులు ఎవరు, వాళ్లు ఎవరి తరఫువాళ్లు, పుట్టింటివాళ్లు వచ్చేలోగా ఏం జరిగింది అన్నవాటిని బట్టి ఆ పంచనామా స్వరం మారిపోతుంది. ఆ తర్వాత పోస్టుమార్టం. ఉరి వేసుకున్న మెడ మీద తాడు గుర్తు ఏటవాలుగా పైకి పోతుంది, గొంతు బిగించి చంపితే అడ్డంగా చుట్టూ ఉంటుంది. ఈ తేడా పట్టుకోవడానికి ఫోరెన్సిక్ శిక్షణ ఉన్న డాక్టరు కావాలి. చిన్న ఆసుపత్రుల్లో ఆ పని చేసేది ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరే. విషం అనుమానం ఉంటే అవయవాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోతాయి, రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. అప్పుడు హత్య అని తేలితే సెక్షన్ మార్చాలి. అప్పటికి రాజీ కుదిరి ఉండొచ్చు, పిల్లలు తండ్రి దగ్గరే ఉండొచ్చు, పుట్టింటివాళ్ల ఓపిక అయిపోయి ఉండొచ్చు. సెక్షన్ మారకపోతే ఆ మరణం ఆత్మహత్యగానో ప్రమాదంగానో గణాంకాల్లో స్థిరపడిపోతుంది. తర్వాత దాన్ని తిరగదోడే మనిషి ఉండడు.

కాలిన గాయాల వార్డుల్లో ఈ సంగతి మరీ స్పష్టంగా బయటపడింది. 1990లలో బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి బర్న్స్ వార్డుకు వచ్చే స్త్రీల కేసుల వెంట విమోచన అనే స్త్రీల సంస్థ ఏళ్ల తరబడి పడింది. స్టవ్ పేలిందనీ, వంటింటి ప్రమాదమనీ మూసేసిన మరణాల వెనక వేధింపుల చరిత్రలను బయటికి తీసింది. మరణ వాంగ్మూలం ఇచ్చే స్త్రీ మంచం చుట్టూ నిలబడింది ఎక్కువగా అత్తింటివాళ్లే. తాను పోయాక పిల్లల్ని చూడాల్సింది కూడా వాళ్లే. ఆ పరిస్థితిలో ఆమె నోట ప్రమాదమన్న మాట వస్తే అది చట్టం దృష్టిలో బలమైన సాక్ష్యం, గణాంక శాస్త్రం దృష్టిలో చాలా బలహీనమైన సమాచారం.

పట్టికలో లేని గడి

భారతదేశంలో నేరాల లెక్కలు ప్రచురించేది జాతీయ నేర గణాంకాల సంస్థ, ఎన్‌సీఆర్‌బీ. దాని 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. హతుల్లో 8,125 మంది స్త్రీలు. వీరిలో ఎందరిని భర్త చంపాడు? నివేదికలో జవాబు లేదు. హత్యలకు కారణాల పట్టిక ఉంది: వివాదాలు, పగ, లాభాపేక్ష, ప్రేమ వ్యవహారం, అక్రమ సంబంధం, వరకట్నం, మంత్రగత్తె అన్న అనుమానం. వీటిలో అక్రమ సంబంధం అన్న పంక్తిలో భార్యను అనుమానంతో చంపిన భర్తా ఉంటాడు, భర్తను చంపించిన భార్యా ఉంటుంది, భార్య ప్రియుణ్ని చంపిన భర్తా ఉంటాడు. పైగా అనుమానం నిజమో కాదో ఎవరూ తేల్చకుండానే చనిపోయిన మనిషి మీద ఆ ముద్ర పడిపోతుంది. చంపినవాడి వాదనే ప్రభుత్వ పట్టికలో కారణంగా నిలవడం గణాంక దోషం మాత్రమే కాదు, చనిపోయినవారికి అన్యాయం కూడా.

ఇదే నివేదికలో అత్యాచారాల దగ్గరికి వస్తే నిందితుడు బాధితురాలికి ఏమవుతాడన్న పట్టిక విడిగా ఉంటుంది. కుటుంబ సభ్యుడు, స్నేహితుడు, ఇరుగుపొరుగు, సహజీవన భాగస్వామి, విడిపోయిన భర్త లాంటివారిని కొన్ని వర్గాలుగా చేసి ఇస్తారు. అత్యాచారానికి సాధ్యమైన పట్టిక హత్యకు అసాధ్యమేమీ కాదు. స్టేషన్‌లో ఉన్న కాగితాల్లో మృతురాలి పేరు, భర్త పేరు, నిందితుడి పేరు మూడూ ఉంటాయి. వాటిని కలిపి ఒక గడిలో నింపి పైకి పంపమని అడిగినవారు లేరు. భారతదేశంలో భాగస్వామి హత్యల లెక్కకు తక్షణం కావలసింది కొత్త సర్వే కాదు, ఈ గడి.

ఇంకో చిక్కు ప్రధాన నేర నియమం. ఒకే ఎఫ్ఐఆర్‌లో పలు నేరాలుంటే ఎన్‌సీఆర్‌బీ వాటిలో అత్యంత తీవ్రమైనదాన్ని మాత్రమే లెక్కిస్తుంది. భార్యను ఏళ్లపాటు హింసించి చివరికి చంపిన కేసు హత్యల ఖాతాలో పడుతుంది, దాని వెనకున్న హింస కనపడకుండా పోతుంది. అంతకుముందు ఆమె ఇచ్చిన ఫిర్యాదు ఇంకో సంవత్సరపు లెక్కలో విడిగా పడి ఉంటుంది. రెండూ ఒకే మనిషివని చెప్పే సూత్రం పట్టికల్లో లేదు.

వరకట్న మరణం

కట్నం విషయంలో మాత్రం భారతదేశం ప్రత్యేకమైన లెక్క ఉంచుతోంది. 1961 కేంద్ర చట్టం కన్నా ముందే, 1958లో, ఆంధ్రప్రదేశ్ తన సొంత వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. 1970ల చివర ఢిల్లీ వీధుల్లో మొదలైన ఉద్యమాల ఫలితంగా 1983లో 498ఏ (భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం), 1986లో 304బీ (వరకట్న మరణం) సెక్షన్లు శిక్షాస్మృతిలోకి వచ్చాయి. 2022లో 304బీ కింద 6,450 వరకట్న మరణాల కేసులు నమోదయ్యాయి. విదేశీ పరిశోధకులు ఈ సంఖ్యను చాలాసార్లు భారతదేశంలో జరిగే స్త్రీహత్యల సంఖ్యగా తీసుకుంటారు. అది సరికాదు.

304బీ, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్, చెప్పేది వేరు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ కాలిన గాయాలతోనో మరో అసహజ కారణంతోనో చనిపోవాలి. చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం వేధించినట్టు తేలాలి. చంపారా, చనిపోయేలా చేశారా అన్న విచారణ ఇక్కడ అవసరం లేదు. కాబట్టి ఆ 6,450లో హత్యలూ ఉంటాయి, ఆత్మహత్యలూ ఉంటాయి. ఇవి పైన చెప్పిన 28,522 హత్యల్లో చేరవు. కట్నం కోసం చంపినట్టు హత్య సెక్షన్ కిందే నమోదైతే హత్యల్లో చేరి, కారణాల పట్టికలో వరకట్నం అన్న పంక్తిలో మళ్లీ కనిపిస్తాయి. ఆత్మహత్యల వార్షిక నివేదికలో కట్నం సంబంధిత ఆత్మహత్యలని ఇంకో పంక్తి. ఈ మూడింటినీ కూడితే కొందరు రెండుసార్లు లెక్కకు వస్తారు, కూడకపోతే కొందరు అసలు రారు.

ఎనిమిదో ఏట చంపబడ్డ భార్య ఈ సెక్షన్‌లోకి రాదు. కట్నం ఊసు లేకుండా, తాగొచ్చి కొట్టిన దెబ్బలకు పోయిన కూలి స్త్రీ రాదు. పెళ్లి కాని సహజీవన స్త్రీ కూడా దాదాపుగా రాదు. 304బీకి వచ్చిన కేసుల్లో హత్యారోపణ కూడా చేర్చాలని 2010లో రాజ్‌బీర్ కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. సాక్ష్యం ఉంటేనే అలా చేర్చాలని 2013లో జస్వీందర్ సైనీ కేసులో వివరణ ఇచ్చింది. ఒకే రకమైన చావు ఏ గడిలో పడాలన్నది ఇలా న్యాయ నిర్ణయాలను బట్టి కూడా మారుతుంది.

పరువు హత్యలను ఎన్‌సీఆర్‌బీ విడిగా లెక్కించడం మొదలుపెట్టింది 2014లో. ఆ ఏడాది 28, మరుసటి ఏడాది 251 అని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఏడాదిలో అన్ని రెట్లు హత్యలు పెరిగాయని ఎవరూ నమ్మలేరు. కొత్త గడి ఉందన్న సంగతి స్టేషన్లకు అప్పటికి తెలిసిందనుకోవడమే సబబు. కులం కాని అబ్బాయిని పెళ్లి చేసుకుందని కూతురి భర్తను చంపించిన ఘటనలు తెలుగునాట కూడా జరిగాయి. వాటిలో హతుడు పురుషుడు కాబట్టి ఏ స్త్రీహత్యల లెక్కా వాటిని పట్టుకోదు.

ఆత్మహత్యల నీడలో

2022లో దేశంలో 48,172 మంది స్త్రీలు ఆత్మహత్య చేసుకున్నట్టు నమోదైంది. వారిలో 25,309 మంది గృహిణులు. కుటుంబ సమస్యలు, వివాహ సంబంధ సమస్యలు, అనారోగ్యం అన్న మూడు నాలుగు పెద్ద పేర్ల కింద ఈ మరణాలను సర్దేస్తారు. వీటిలో ఎన్ని హత్యలు, ఎన్ని హింస భరించలేక చేసుకున్నవి, ఎన్ని దేనికీ చెందనివి అన్నది ఈ పట్టికల నుంచి తేలదు.

హింస భరించలేక చేసుకున్న ఆత్మహత్యను స్త్రీహత్యల లెక్కలో చేర్చాలా? దీని మీద ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసులు 2020 నుంచి గృహహింస అనంతర అనుమానిత ఆత్మహత్యలను హత్యలతో పాటు నమోదు చేస్తున్నారు. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో ఆ ఆత్మహత్యల సంఖ్య భాగస్వామి హత్యల సంఖ్యను దాటింది. కలిపేయకుండా, పక్కపక్కనే విడి పంక్తుల్లో చూపించే ఆ పద్ధతి మంచిది. కలిపేస్తే హత్య అన్న మాటకు బిగువు తగ్గుతుంది, వదిలేస్తే ఇంట్లో జరిగే హింసకు పోయే ప్రాణాల్లో పెద్ద భాగం మాయమవుతుంది.

వైద్య రికార్డులు చెప్పేది

పోలీసు లెక్కల్ని సరిచూసుకోవడానికి ఉన్న రెండో దారి మరణ ధ్రువీకరణ. ప్రాచీ సంఘవి, కవి భల్లా, వీణా దాస్ 2009లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం దీని బలాన్ని చూపించింది. 2001లో భారతదేశంలో అగ్ని సంబంధ మరణాలు 1,63,000 దాకా ఉంటాయని వారు అంచనా కట్టారు. పోలీసులు చెప్పిన సంఖ్యకు ఇది సుమారు ఆరు రెట్లు. అందులో 1,06,000 మంది స్త్రీలు, ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్లవాళ్లు. వంటింటి ప్రమాదాలే కారణమైతే ఏళ్లుగా పొయ్యి దగ్గరే ఉన్న పెద్దవయసు స్త్రీలు కూడా ఆ స్థాయిలో చనిపోవాలి కదా. నిప్పు ఒక్కటే అయినా అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో ప్రమాదానికి ఒక సంకేతం, ఆత్మహత్యకు ఒకటి, హత్యకు ఒకటి, ఉద్దేశం తేలనిదానికి ఇంకొకటి ఉన్నాయి. ఏ సంకేతం పడుతుందన్నది మళ్లీ ఆ మొదటి కాగితమే నిర్ణయిస్తుంది.

వైద్య ధ్రువీకరణ ఉన్న మరణాలే మన దగ్గర తక్కువ. 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఆ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో హింసించినవారు జీవిత భాగస్వామి అని చెప్పే సంకేతం ఉన్నా మరణ పత్రాల్లో అది కనిపించడం అరుదు. కేసు తేలకముందు అంతమాట రాయడానికి డాక్టరు సాహసించడు.

గర్భిణి హత్యకు గురైతే పరిస్థితి ఇంకా దారుణం. ప్రమాదవశాత్తూ, యాదృచ్ఛికంగా జరిగినవాటిని మాతృ మరణ నిర్వచనం మినహాయిస్తుంది కాబట్టి ఆమె మాతృ మరణాల్లోకి రాదు. పోలీసు పట్టికలో గర్భం ప్రస్తావన ఉండదు. పశ్చిమ మహారాష్ట్ర గ్రామాల్లో గణాత్రా, కోయాజీ, రావు చేసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో గర్భిణుల మరణాలకు గృహహింస రెండో పెద్ద కారణంగా, 15.7 శాతంగా తేలింది. వెతికినవారికి కనబడింది.

ఇంటింటి సర్వేలు ఈ లోటు తీర్చలేవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నామని తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం వివాహితలు చెప్పారు. చెప్పగలిగింది బతికున్నవాళ్లు. దేశం మొత్తం మీద హింస ఎదుర్కొన్నవారిలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. చనిపోయినవారిలో చాలామందికి ముందస్తు ఫిర్యాదు ఎందుకు దొరకదో ఈ సంఖ్య చెబుతుంది.

ఇతర దేశాల అనుభవం

ధనిక దేశాల్లోనూ గడులు లోపిస్తాయి. అమెరికా ఎఫ్‌బీఐ అనుబంధ హత్యా నివేదికల్లో మాజీ భర్త, మాజీ భార్య ఉండేవారు. మాజీ ప్రియుడికి చోటు ఉండేది కాదు. విడిపోయిన కొత్తలోనే స్త్రీకి ప్రాణాపాయం ఎక్కువని అందరికీ తెలిసిన దేశంలో ఆ హత్యలు పరిచయస్తుల ఖాతాలోకి జారిపోయాయి. 2021లో కొత్త నమోదు విధానానికి ఒక్కసారిగా మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాల పోలీసులు ఆ ఏడాది సమాచారం పంపలేకపోయారు. మరణ పత్రం, పోలీసు, శవపరీక్షాధికారి రికార్డులను కలిపే జాతీయ హింసాత్మక మరణాల నమోదు వ్యవస్థ 2002లో ఆరు రాష్ట్రాలతో మొదలై, అన్ని రాష్ట్రాలకూ చేరేసరికి 2018 వచ్చింది.

స్పెయిన్ 2003 నుంచి భాగస్వామి చేతిలో హతులైన ప్రతి స్త్రీనీ అధికారికంగా లెక్కిస్తోంది. 2022 నుంచి భాగస్వామి కానివారు చేసిన స్త్రీహత్యలనూ చేర్చింది. కెనడాలో ఆదివాసీ స్త్రీల విషయంలో లెక్కే పోరాటంగా మారింది. ఆదివాసీ స్త్రీల సంఘం 2010 నాటికి 582 మంది హతుల, అదృశ్యమైనవారి వివరాలు పోగుచేసింది. పోలీసు శాఖ తానే వెతికి 2014లో ప్రకటించిన సంఖ్య 1,181. హతుల జాతి వివరం రాయకపోవడమే అంతకాలం ఆ సంఖ్య దాగి ఉండటానికి ముఖ్య కారణం. మన దగ్గర దళిత స్త్రీల సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. దళితులపై నేరాల పట్టిక దళితేతరులు చేసిన నేరాలనే లెక్కిస్తుంది. సొంత కులస్థుడైన భర్త చంపిన దళిత స్త్రీ కులం ఏ పట్టికలోనూ ఉండదు.

ప్రభుత్వాలు లెక్కించని చోట పౌరులు లెక్కించారు. బ్రిటన్‌లో కరెన్ ఇంగాలా స్మిత్ 2012లో హతులైన స్త్రీల పేర్లు ఒక్కొక్కటే రాయడం మొదలుపెట్టారు. అదే ఫెమిసైడ్ సెన్సస్‌కు పునాది అయింది. మెక్సికోలో మరియా సాల్గెరో పత్రికా వార్తల ఆధారంగా ప్రతి హత్యనూ పటం మీద గుర్తించారు. ఇలాంటి పనికి ఆధారం ఎక్కువగా పత్రికలే కాబట్టి పత్రికల లోపాలన్నీ ఇందులోకి వస్తాయి. పట్టణంలో చదువుకున్న యువతి హత్య వారం రోజులు నడుస్తుంది, తండాలో జరిగిన హత్య జిల్లా పేజీలో నాలుగు వాక్యాలతో ముగుస్తుంది, ట్రాన్స్ స్త్రీ అయితే పురుషుడి పేరుతో అచ్చవుతుంది. భార్యను చంపి తానూ ఉరేసుకున్న భర్తల కేసులు కోర్టు లెక్కల్లో దొరకవు, నిందితుడు లేడు కాబట్టి విచారణే ఉండదు. వాటికి పత్రికలే దిక్కు.

ఒకే కొలబద్ద కోసం

2022 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం స్త్రీహత్యల లెక్కకు ఒక ఉమ్మడి చట్రాన్ని ఆమోదించింది. భాగస్వామి చేసినవి, ఇతర కుటుంబ సభ్యులు చేసినవి, ఇతరులు చేసినవి అని మూడు భాగాలు. మూడోదానికి గతంలో వేధింపులు, లైంగిక హింస, శవాన్ని ఛిద్రం చేయడం, బహిరంగంగా పడేయడం లాంటి గుర్తులు ఇచ్చారు. మనసులోని ఉద్దేశాన్ని వెతకకుండా కంటికి కనిపించే ఆనవాళ్లతో తేల్చడం దీని గొప్పతనం. ఈ చట్రానికి సరిపడా సమాచారం ఇవ్వాలంటే భారతదేశానికి పైన చెప్పిన సంబంధం గడి కావాలి. అదీ కాక 2024 మధ్యలో సెక్షన్ల సంఖ్యలు మారాయి: హత్య 302 నుంచి 103కు, వరకట్న మరణం 304బీ నుంచి 80కి. పాత వరసను కొత్తదానితో జాగ్రత్తగా కలపకపోతే పోలికలు తెగిపోతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2011 నుంచి ప్రతి గృహ హత్య మీదా సమీక్ష తప్పనిసరి. ఆమె ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎవరు వెనక్కి పంపారు అని ఆ సమీక్ష అడుగుతుంది. భారతదేశంలో దీనికి దగ్గరి యంత్రాంగం మాతృ మరణాల సమీక్షలో ఇప్పటికే ఉంది. గ్రామంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీ ఏ కారణంతో చనిపోయినా ఆశా కార్యకర్త ఆరోగ్య కేంద్రానికి తెలపాలి. గర్భంతోనో కాన్పుతోనో సంబంధం లేదని తేలితే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుంది. హత్యకు గురైన స్త్రీ పేరు కూడా ఆ జాబితాలో చేరి, మాతృ మరణం కాదన్న గుర్తుతో పక్కకు పోతోంది. ఆ పక్కకు పోయిన కాగితాలను పోలీసుల అనుమానాస్పద మృతి రిజిస్టరుతో, సఖి సహాయ కేంద్రానికీ 181 మహిళా హెల్ప్‌లైన్‌కూ వచ్చిన ఫిర్యాదులతో, గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసిన నివేదికలతో జిల్లా స్థాయిలో సరిపోల్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఈ శాఖల అధికారులు మూడు నెలలకోసారి ఒకచోట కూర్చుంటే, ఆ జిల్లాలో ఎందరు స్త్రీలు ఇంటివాళ్ల చేతిలో పోయారో, వారిలో ఎందరు ముందే ఏదో ఒక గుమ్మం తొక్కి వచ్చారో మొదటిసారిగా ఒక పట్టికలోకి వస్తుంది.